గంట వద్దన్న పోలయ్య

పోలయ్యని ఒక పెంకులోడు ఉండీవోడు. కుమ్మరి సారె ముందు కూకున్నాడంటే సెయ్యి కనపడదు, పెంకే కనపడతాది, అంత పనోడన్నమాట. జమీందారుగారి పెంకుల బట్టీలో పని. అక్కడేటంటే, అన్నిటికీ గంటే. గంట కొడితే సారె తిప్పాల, గంట కొడితే కూడు తినాల, గంట కొడితే ఇంటికెళ్లాల. ముద్ద నోట్లో ఉండగానే కొట్టీసీవోరంట. నీకైనా నాకైనా కోపం రాదేటి? ఈడికీ వచ్చింది. ఓ రోజు జమీందారు కాళ్ల మీద పడిపోయి, బాబూ, నేను గొడ్డుని కాను, నా మనసు పుట్టినప్పుడు సేస్తాను, ఈ గంట నాకొద్దు బాబూ అన్నాడంట. ఆ జమీందారు నవ్వి, సరేరా, సారె నీ ఇంటికాడే ఏసుకో, నిన్నడిగీవోడు లేడు పో అన్నాడు.

ఇంకేటి! కొన్నాళ్లు రాజే అనుకో. పొద్దెక్కినాక లెగిసీవోడు, ఏట్లో ఈత కొట్టీవోడు, పెళ్లాం సన్నాసమ్మ వొడ్డిస్తే నిదానంగా తిని, కబుర్లాడి, అప్పుడు సారె తిప్పీవోడు. ఆయమ్మకీ సంబరమే. ఆ తరవాత ఏటైందంటే, వానలు దగ్గర పడ్డాయి. వానొస్తే పచ్చి పెంకు ఆరదు కదా, ఇంకో నాలుగు సేసీద్దాం అనుకున్నాడు. నాలుగయ్యాక ఇంకో నాలుగు. ఇంక సాలురా, లెగు అనీవోడెవడు? ఎవడూ లేడు. తింటంటే మట్టి గుర్తొచ్చి లెగిసిపోయీవోడు. ఏటికెళ్తే సగం దార్లోనే ఎనక్కి తిరిగొచ్చీసీవోడు. ఊరికే కూకుంటే ఎవడి సొమ్మో దొంగిలించినట్టుండీదంట. ఎవడి సొమ్మురా అంటే ఈడికీ తెల్దు.

అప్పుడు సన్నాసమ్మకి జొరమొచ్చింది. మామూలు జొరం కాదు. సూడయ్యా, నన్ను పక్కూరు వైద్యుడి కాడికి తీసుకెళ్లు అంటే, కలిపిన మట్టి ఆరిపోతాదే, ఇదైపోనీ అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడోనాడు ఆయమ్మ మంచం మీంచి, బట్టీలో సేసినప్పుడు పొద్దుగూకితే ఇంటికొచ్చీవోడివి, ఇప్పుడెప్పుడొస్తావయ్యా అనడిగింది. ఓసి ఎర్రిదానా, ఇంట్లోనే ఉన్నాను కదే అన్నాడీడు, సారె మీంచి కళ్లెత్తకుండా. ఆయమ్మ గోడేపు తిరిగి పడుకుంది. సేతిలో పని అయ్యాక, కూసింత గంజి తాగుతావేటే అని లోపలికెళ్తే, ఏటుంది బాబూ, ఒళ్లు సల్లబడిపోనాది.

దినాలయ్యాక బట్టీకెళ్లి, నన్ను మళ్లీ గంట కిందే ఎట్టుకోండి బాబూ అని ఏడిసాడంట. ఎట్టుకున్నారు. గంట కొడితే మొదలెట్టీవోడు, గంట కొడితే తినీవోడు. సాయంత్రం గంటకి మాత్రం లెగడు. అందరూ సేతులు కడుక్కుని ఎళ్లిపోయీవోరు. కాపలా ముసిలోడొచ్చి, పోలయ్యా, గంట కొట్టీసారు, ఇంటికెళ్లరా అంటే, ఇంటికాడ ఎవరున్నారు మావా అని, మట్టి లేని ఉత్త సారె తిప్పుకుంటా కూకునీవోడంట. రెండు వానాకాలాలు అలగే కూకున్నాడు. మూడోది సూడలేదు.

అయితే తాతా, గంట ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా అనడుగుతారు మీరు. నాకేటి తెలుసు? కూడు సల్లారిపోతందని మా ముసిల్ది ఇందాకట్నుంచి మూడు కేకలేసింది. మీకూ ఇనపడింది, నాకూ ఇనపడింది. లెగండి, లెగండి.