ఆగిపోయిన జవాబు

గేటు తియ్యకు నాయినా! జర ఆగు. నీ కాళ్లు మొక్కుత, ఆగు.

'వీడియోల నా బిడ్డ మాట కట్ చేసిండ్రు' అనుకుంట పోతున్నవ్. బయట నిలవడ్డోళ్లు మన సంఘపోళ్లా, నువ్వు చెప్తే ఆమెన్ అననీకె? శ్రీశైలమన్న మీద కౌన్సిలర్ ఎలక్షన్ల నిలవడ్డోని మనుషులు. అందరి ఫోన్లల్ల నేనే ఉన్న. చేవెళ్ల దాక పోయిందంట వీడియో. పాస్టర్ పౌలు బిడ్డ ప్రేమజ్యోతి, మొయినాబాద్ చర్చిల మైకు పట్టుకొని, "మన మందిరానికి పన్ను మాఫీ. పన్ను కట్టని జాగల నిలవడి, ఓటు ఎవరికెయ్యాల్నో చెప్తుండ్రు. ఇది మందిరమా, పార్టీ ఆఫీసా?" అని అడుగుతున్న.

కాలేజీ డిబేట్లల్ల ఎంతమంది ముంగట మాట్లాడిన, ఎప్పుడన్న గిట్లయిందా?

ఎందుకన్నవ్ అంటవ్. చెప్పిన గద! డిబేట్ల ముందుగాల ఎదుటోని వాదం వాని కన్న గట్టిగ చెప్పాలె. ఆనక పడగొట్టాలె. మొన్న ఆదివారం ఆరాధనల, అందరు లేచి సాక్ష్యాలు చెప్పే టైముల గదే చేసిన. నాకు మాట్లాడుడు గట్లనే వచ్చు, ఏం చెయ్యాలె?

జవాబు కూడ తయారున్నది. గుడికి మాఫీ లేదా, మసీదుకు లేదా? మనమొక్కలమే కనవడ్డమా? మా ప్రార్థన ఏ పార్టీకి కిరాయికియ్యలే... ఇప్పుడు నిద్రల లేపి అడిగినా చెప్త.

కానీ వాళ్లు "మొత్తం వీడియో చూపియ్" అంటే? అంటరు! మన సంఘం నిర్మలమ్మక్క ఆదివారం ఆదివారం ఆరాధన లైవ్ పెడ్తది గద, అది అట్లనే ఉన్నది. చూస్తరు. చూసి, పాస్టరే అబద్ధమాడిండు అంటరు. రాళ్లేస్తే ఏసిండ్రు నాయినా, నాకు గా మాటకే భయం.

అట్ల చూడకు.

ఎవ్వరు కట్ చెయ్యలే. నేనే ఆగిన.

లోపల కూసున్నోళ్లందరికి ఎరుకే. నీకే ఎవ్వరు చెప్పలే. నువ్వప్పుడు లోపల లేవు. శ్రీశైలం నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, "మన ఓట్లన్ని అన్నకే" అని, ఆయనను సాగనంప పోయినవ్.

జవాబు చెప్దామని నోరు తెరిచిన. కిటికీల నుంచి కనవడ్డవ్. ఆయన కారు డోరు పట్టుకొని, వంగి నిలవడ్డవ్. ప్రార్థన చేసిన గా చేత్తోనే.

మైకు పక్కకు పెట్టి కూసున్న.

చెప్పు నాయినా. నా జాగల నువ్వుంటే ఏం జవాబు చెప్తుంటివి?