గొడవ చేసే తల్లుల తరఫున

నా రిటైర్మెంటు సభకొచ్చి వేదిక మీదున్న సూపరింటెండెంట్ గారికి, పిల్లల విభాగం పెద్ద డాక్టరు గారికి, నాతోపాటు నిలబడి నిలబడి కాళ్లు వాచిన సిస్టర్లకు, ఆయమ్మలకు, వెనక వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

ఇందాక డాక్టరు గారు నన్ను సహనమూర్తి అన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయనతో పనిచేసినదాన్ని, కాదనలేను. (నవ్వులు) కానీ నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో, ఆ గాజుపెట్టెల మధ్య తిరుగుతూ, హెడ్ నర్సుగా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అన్న మాటేమిటో తెలుసా? "అమ్మా, మాట్లాడకు." ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను.

ఒక బస్సు కండక్టరమ్మకి ఏడో నెలలోనే కొడుకు పుట్టాడు. అరచెయ్యంత ఉన్నాడు. ఆమె పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి, మెల్లగా "రైట్ రైట్, పోనీ నాన్నా, పోనీ" అనేది. నేను గయ్యిమని లేచి, కేసు షీటులో "తల్లి గొడవ చేస్తోంది" అని రాశాను. ఆమె అది చదివి, "సిస్టరమ్మా, ఇన్ని నెలలూ లోపల వీడు విన్నది ఈ గొంతే. ఇప్పుడు నోరు మూసుకుంటే, అమ్మ ఏదో స్టాపులో దిగిపోయిందనుకోడా?" అంది. నేను రాసింది నేనే కొట్టేశాను.

అప్పట్నించి, నోరు విప్పని తల్లుల్ని, బిడ్డతో ఎందుకు మాట్లాడవని అడగడం మొదలుపెట్టాను. నా మాటలకి అలిసిపోతాడేమోనని భయం, అంది ఒకామె. ఇంకొకామె, "పేరు పెట్టి పిలిచాక పాప దక్కకపోతే నేనేమైపోవాలి?" అంది. చివరికి పిలిచింది. పాప దక్కలేదు. అయినా, "పిలవకపోయుంటే బతికినన్నాళ్లూ కుమిలిపోయేదాన్ని సిస్టర్" అని నా చెయ్యి పట్టుకుంది.

పెద్ద చప్పుడు ఆ పసివాళ్లకు మంచిది కాదు, ఒప్పుకుంటాను డాక్టరు గారూ. మరి పెట్టె మీదే ఫైలు టపీమని పడేసి రాసుకునేదెవరు? వార్డు మధ్యలో నిలబడి ఫోనులో అల్లుడి మీద అరిచిందెవరు? నేనెవరి పేరూ చెప్పలేదు, మీరంతా అటెందుకు చూస్తున్నారు? (నవ్వులు, చప్పట్లు) మనకు లేని నోటీసు తల్లి గుసగుసకెందుకు?

ఆ నోటీసు సోమవారం వచ్చింది. తల్లులకు రోజుకు అరగంట, అదీ అద్దం బయటినుంచి, లోపల మాటలు నిషిద్ధం. సూపరింటెండెంట్ గారు సంతకం చేశారు. కింద హెడ్ నర్సు సంతకం కూడా పడితేనే అది అమలవుతుంది. ఎలాగూ వెళ్లిపోయే మనిషి, ఓ సంతకం గీకి పోతుందిలే అనుకున్నారు. గీకను. రేపు నా కుర్చీలో కూర్చోబోయే చెల్లి రెండో వరుసలో ఉంది. ఏమ్మా, నువ్వు చేస్తావా? గట్టిగా చెప్పు, మైకు లేదు నీకు. ("చెయ్యనక్కా!") విన్నారుగా, సాక్ష్యం మీరే.

ఇప్పుడు నాలుగున్నర. ఐదింటిదాకా ఆ వార్డు నాదే. ఇక్కడికొచ్చే ముందు, వరండాలో నిలబడ్డ తల్లులందరిచేతా చేతులు కడిగించి లోపలికి పంపి వచ్చాను. మీరు నా ప్రసంగం వింటున్నంతసేపూ వాళ్లు పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే, వెళ్లి ఆ తల్లుల ముందు నిలబడి చెప్పండి.

ఇన్నేళ్లు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను. వాళ్ల దగ్గర తీసుకోను.