అడుగుకి మూడంగుళాలు

(కావలికి తూర్పున పట్టపుపాళెం. ఒడ్డున పడవలు చెక్కే పాక. 1963 వేసవి, మిట్టమధ్యాహ్నం. లోపల బాడిసతో చెక్క చెక్కుతూ గంగులయ్య, వాకిట్లో రెబెక్కమ్మ.)

"ఇంకొక్క అడుగు లోపలికి పడిందంటే ఆడదానివని కూడా చూడను రెబెక్కమ్మా. చేతిలో బాడిస ఉంది."

"కనపడతానే ఉంది గంగులయ్యా. అందుకే వచ్చినా."

"ఎందుకు?"

"నరకాలంటే నన్ను నరుకు. నా కొడుకుని వదిలిపెట్టు."

"పో."

"జీవానందాన్ని నిన్న సాయంత్రం జామీను మీద విడిచిపెట్టినారంట. చిన్నపోలయ్య చూసి వచ్చి చెప్పినాడు. నెల్లూరులో బండెక్కినాడంట. ఇంకా ఇంటికి రాలా. ఇటుగాని..."

"పొమ్మంటుండానా!"

"పోను. యాడ కనిపిస్తే ఆడ తల తీస్తానంటివి. నీ తమ్ముడి గుంతలో మట్టేసేటప్పుడు, పాళెమంతా వింటుండంగా అంటివి. నేనూ ఆడనే ఉండా, అందరికీ చివర్న."

"అన్నా. తప్పా?"

"తప్పని నేనంటినా?"

"మునెయ్య ఏం చేసినాడు చెప్పు. సైకిలుకి చేపల గంప కట్టుకుని, తెల్లారకముందే కావలి సంతకి పోతుండె. అంతే గదా. నీ కొడుకు తాను డ్రైవరుగా ఉండే పద్మనాభయ్యగారి రేసుకారు తెచ్చి వెనకమాల ఎక్కించినాడు."

"తెలుసు నాయనా."

"ఏం తెలుసు? రెండు తాటిచెట్లంత దూరం ఈడ్చుకుపోయిందని తెలుసా? సైకిలు చువ్వలు పక్కటెముకల్లో దిగినాయని తెలుసా? నేను పీకినా. ఈ వేళ్లతో. ఒకటి పీకితే ఇంకోటి లోపలికి పోతది."

"చాలు నాయనా."

"చాలదు. మీ ప్రభువు ఒక చెంప కొడితే ఇంకో చెంప చూపమన్నాడంట గదా. నా తమ్ముడికి చూపించేదానికి ఇంకో చెంప మిగల్లా."

"కొట్టు. కొట్టి అయినా చల్లబడు. మీ పాళెమోళ్లు నా గుడిసె వాసాలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు, నేనేమన్నా అన్నానా? దోవలో పోతుంటే పిల్లోళ్లు రాళ్లేసినారు. ఈ కన్ను చూడు. ఎవరినన్నా ఒక మాటన్నానా?"

"ఆ చువ్వలు పారెయ్యలా నేను."

"ఏం చేసినావు?"

"అటు చూడు. ఆ చక్రాలకి ఉండేవి అవే."

"ఏ చక్రాలు... ఓ ప్రభువా! ఇది ఆ కారే గదా!"

"కారే."

"నా బిడ్డ రోజూ గుడ్డపెట్టి తుడిచే కారు. ముందర ఆ తోలు పట్టీ, పక్కన ఆ పొగగొట్టం, బయటికి పొడుచుకొచ్చిన ఆ బిరేకు... ఎవరో మంత్రమేసి కుదించినట్టుండాదే."

"అడుగుకి మూడంగుళాలు. పద్నాలుగడుగుల బండి, మూడున్నరడుగుల టేకు. వెనకభాగం అచ్చం పడవ మూతి మాదిరే. అది తప్ప తక్కినదంతా కొత్త పని నాకు."

"ఎవరికిది?"

"పద్మనాభయ్యగారికే. నిరుడు చోళవరం కార్ల పందెంలో గెలిచి వచ్చి చెప్పినాడు. 'తెల్లోళ్ల కాలంనాటి బండిరా గంగులూ, ఎన్నాళ్లు తిరగతాదో ఏమో. అచ్చం అట్టాంటిదే ఒకటి చెక్కియ్యి, హాల్లో పెట్టుకుంటా' అన్నాడు."

"తమ్ముణ్ణి చంపిన బండిని చెక్కేదానికి చెయ్యెట్టా వచ్చింది నీకు?"

"పాముని చంపినాక కర్రతో తిప్పి తిప్పి చూడరా? కోరలెన్ని, పొడుగెంత అని. అట్టా. అంగుళం అంగుళం చూడాలనిపించింది."

"ముందర ఈ సొట్టేంది?"

"మునెయ్య తల."

"ఇంత లోతా... అయ్యో నాయనా!"

"చెయ్యి తియ్యి దానిమీద నుంచి."

"అయ్యగారు సొట్ట కూడా పెట్టమన్నాడా?"

"ఆయనింకా చూళ్లా. మా పనే అంత. వేటకి కలిసొచ్చిన పడవ ఒకటుంటే, అట్టాంటిదే ఇంకొకటి కావాలంటారు. అప్పుడు అతుకులతో సహా దింపతాం. అతుకు వదిలితే చేప రాదు. ఉన్నది ఉన్నట్టు. సగం చూసి సగం వదిలేది మా నాయన నాకు నేర్పలా."

"లోపల కూర్చోనుండేది ఎవరు?"

"ఎవరనుకున్నావు?"

"ఈ పెద్ద చెవులు... గంగులయ్యా, నా బిడ్డా?"

"నీ బిడ్డే."

"మొహం నిండా ఇన్ని గాట్లేంది?"

"పొద్దున లేస్తానే ఒక గాటు పెడతా. అప్పుడు గాని గంజి దిగదు."

"కాళ్లేంది ఇట్టా ఉండాయి? పిల్లోడి కాళ్ల మాదిరి?"

"పట్టలా. కోసినా."

"ఎందులో పట్టలా?"

"సీట్లో. నీ కొడుకు ఆరడుగులు. అడుగుకి మూడు లెక్కన పద్దెనిమిదంగుళాల కీళ్ల బొమ్మ చెక్కినా. కూర్చోబెడితే మోకాళ్లు స్టీరింగుకి తన్నుకుంటాయి. తొడలు సన్నం చేసినా, పట్టలా. నడుము వెనక్కి వంచినా, పట్టలా. బొమ్మ కొలతే తప్పిందనుకున్నా. వొళ్లు మండి రెండు కాళ్లూ తెగ్గోసి, పొట్టిగా అతికించినా. అప్పుడు కూర్చున్నాడు."

"నా బిడ్డకి ఆ కార్లో కాళ్లు పట్టకపోవడమేంది?"

"ఏమో. పట్టలా."

"నేను సద్ది తీసుకుపోతే అందులోనే కూర్చుని తినేవాడు. కాళ్లు బార్లా జాపుకుని. ఇంకా చోటు మిగిలేది."

"నీకేం తెలుసు కొలతలు?"

"కొలతలు తెలవవు. బిడ్డ కాళ్లు తెలవవా? పురిట్లో ముందర బయటికొచ్చింది వాడి కాళ్లే."

"ఇంక ఇంటికి పో రెబెక్కమ్మా. ఎండగా ఉంది. పో."

"ఉండు. కాళ్ల కింద ఏంది ఆ రెండు చెక్కలు?"

"దిమ్మలు."

"ఇనుప బండికి చెక్క దిమ్మలేంది?"

"అయ్యగారికి. పొట్టి మనిషి, పెడళ్లు అందవు. పందేనికి పోయేముందు నేనే చెక్కిచ్చినా. తాను తోలేటప్పుడు కొబ్బరితాడుతో పెడళ్లకి కట్టుకుంటాడు."

"నా బిడ్డ తోలేటప్పుడు?"

"ఊడబెరికి సీటు వెనక పడేస్తాడు."

"మరి నువ్వెందుకు కట్టినావు ఇక్కడ?"

"ఉండె కాబట్టి కట్టినా."

"ఎప్పుడుండె?"

"కొలత తీసిన రోజు."

"ఏ రోజు తీసినావు?"

"మునెయ్యని మట్టి చేసిన మర్నాడు. పోయి దానిమీద ఉమ్మాలనిపించింది. పోయినా. ఉమ్మినా. ఊరికే నిలబడలేక తాడు తీసి కొలిచినా."

"అప్పటికి బండి కదిలిందా?"

"యాడ కదలతది? ముందు చక్రం వంగిపోయి ఉండె. రోడ్డు మీదనుంచి రెండు జతల ఎద్దుల్ని కట్టి ఈడ్చుకొచ్చి షెడ్డులో తోసినారు."

"ఈడ్చేటప్పుడు లోపల ఎవరన్నా కూర్చున్నారా?"

"ఎవరు కూర్చుంటారు? సీటు నిండా గాజు పెంకులు. అయ్యగారు ఆ పొద్దే మద్రాసు పోయినాడు. తాళం కాపలా మస్తానయ్య మొలలో ఉండె. నాకోసం ఆయనే తీసినాడు. అంతా అట్టనే ఉండె. నెత్తురు మరక కూడా ఎవరూ తుడవలా."

"దిమ్మలు కూడా అట్టనే ఉండె."

"అట్టనే. పెడళ్లకి బిగించి... తాడు రెండు చుట్లు చుట్టి..."

"గంగులయ్యా."

"ఉండు."

"దిమ్మలు కట్టుండంగా నా బిడ్డ ఎట్టా..."

"ఉండమంటుండా! ఆ కొలత తాడు ఇటియ్యి. బొమ్మని పట్టుకో. తిన్నగా పట్టుకో, కాళ్లు చాపు. మడమ కాణ్ణించి... పదిహేను."

"పదిహేనంటే?"

"అడుగుకి మూడు. అయిదడుగులు."

"అయిదడుగుల మనిషి ఎవరు?"

"నోరు ముయ్యి."

"ఎవరు గంగులయ్యా?"

"నోరు ముయ్యమంటుండానా! బొమ్మ సరిగ్గానే చెక్కినా. మొదట్నే సరిగ్గా చెక్కినా. చెక్క నాకు చెప్పతానే ఉంది, 'నేను కాదు, నేను పట్టను' అని. మూడుసార్లు చెప్పింది. నేను కాళ్లు నరికినా."

"అయ్యగారు. అయ్యగారే తోలినాడు. అమ్మా, నా తండ్రీ, పద్మనాభయ్యే తోలినాడు! నా బిడ్డ కాదు!"

"మరి స్టేషన్లో 'నేనే తోలినా' అన్నాడే! రాసిన కాయితం మీద వేలిముద్ర కూడా వేసినాడే!"

"అనకేం చేస్తాడు? మూడు రోజులు కొట్టినారు. అరికాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలా. అయ్యగారి మనుషులు నా ఎదరే అడిగినారు వాణ్ణి: 'మీయమ్మ ఒక్కతే గదరా గుడిసెలో పడుకునేది' అని. నా మంచిచెడ్డలు అడిగినారనుకున్నా. ఎంత పిచ్చిదాన్ని!"

"నాతో ఒక ముక్క చెప్పి ఉంటే..."

"ఎవరికి చెప్పతాడు? నువ్వు బాడిస పట్టుకుని తిరగతా ఉంటివి. నేను జైలుకి పోయి, ఊచల్లోంచి వాడి మొహాన ఊసొచ్చినా. 'మునెయ్య ఉసురు నీకు తగలతది, నువ్వు నా కడుపున పుట్టలా' అన్నా. తుడుచుకోలా గంగులయ్యా వాడు. 'గుడిసెలో పడుకోబాకమ్మా, గురవమ్మక్క ఇంట్లో పడుకో' అన్నాడు. అంతే అన్నాడు."

"తప్పుకో."

"ఏం చేస్తావు?"

"తప్పుకో. ముక్కలు చేస్తా దీన్ని. పొడి చేస్తా."

"వద్దు! బాడిస దించు! వద్దంటుండానా!"

"రెబెక్కమ్మా, లే దానిమీద నుంచి. చెయ్యి తెగతది."

"తెగనియ్యి. ఏటు నా మీద వెయ్యి, దీని మీద మాత్రం పడనియ్యను. షెడ్డులో ఉండే బండికి అయ్యగారు సొట్ట తీయించినాడు, రంగేయించినాడు. దిమ్మల్ని పొయ్యిలో పెట్టుంటాడు. ఇంక ఆ పొద్దు ఎట్టుండెనో అట్టా ఉండేది ఈ లోకంలో ఇదొక్కటే."

"చేతికి నెత్తురు కారతా ఉంది నీకు."

"కారనియ్యి. విను. ఎద్దుల బండి కడదాం. దీన్ని గోనెసంచుల్లో చుట్టి కావలి కోర్టుకి తీసుకుపోదాం. మస్తానయ్యని కాళ్లు పట్టుకుని అయినా సాక్ష్యానికి పిలుద్దాం. నువ్వు ఆ జడ్జీ ఎదర ఇట్టనే తాడు పట్టి కొలువు. అడుగుకి మూడని చెప్పు. పొట్టోడెవరో కోర్టులో వాళ్లకి కళ్లు లేవా? జీవానందం వచ్చేస్తాడు ఈ పూటకి. దోవలో ఎవురన్నా కూడు పెట్టుంటారు, అందుకే ఆలస్యం. వాడు ఒక పక్క, నువ్వు ఒక పక్క పట్టుకుంటే అలవోకగా బండెక్కతది ఇది. నేనే వాడికి చెప్పతా, గంగులన్న మీద మనసులో ఏం పెట్టుకోబాక అని. పెట్టుకోడు వాడు. ఇంత గుండె వాడిది. ఏందట్టా కూలబడతావు? లే. ఏడవబాక నాయనా, ఇప్పుడు ఏడిచేదేముంది? మునెయ్యకి న్యాయం జరగతది, నా బిడ్డ బతికిపోతాడు. ఇంకేం కావాల? లే. గంగులయ్యా, నా మొహం చూసి మాట్లాడు. ఏందయ్యా?"

"అమ్మా... నీ కొడుకు తెల్లారగట్లనే వచ్చినాడు. ఆ వాకిట్లోనే నిలబడి, 'అన్నా, ఒక్క మాట' అన్నాడు. నేను బాడిస ఎత్తినా, రెండో మాట అననియ్యలా."