వందకి కొసరు

"మా ప్రమోదిని ఫెయిలైపోతాదని భయమేస్తంది మాస్టారూ."

కంచిలి బడి వరండాలో నిలబడి అన్నాను.

"అదేటమ్మా! లెక్కల్లో పూర్తి మార్కులేసాను కదా."

"అదే నాకర్థం కాట్లేదు. మూడొందల కాయల్లో వంద అమ్మితే రెండొందలు మిగలాల. ఇది నూటతొంభై ఆరని రాసింది!"

"మీ తోటలో వందకి నాలుగు కాయలు కొసరిస్తారు కదా. అవీ తీసేసింది."

"రేపు ఏడో తరగతి పబ్లిక్‌లో దిద్దేవోలికి కొసరు తెలుస్తాదేటి? సున్నా సుట్టెత్తారు! ఇంతకీ ఏది రైటు మాస్టారూ, మీ పుస్తకమా, మా తోటా?"

గంట మోగింది, పిల్లలంతా వెళ్ళిపోయారు. మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకున్నారు.

"రెండూ రైటేనమ్మా," అన్నారు. "అడిగేవోడు కాయలు కొనేవోడా, పేపరు దిద్దేవోడా అని ముందు సూసుకోవాల. అది సెప్పకుండానే మార్కులేసీసాను. రేపు పిల్లకి సెప్తాను."