ఆపే ముందు కాసేపు

అలా చూడకండి. చూడొద్దంటున్నానా? ఇప్పటికే ఆ మెకానిక్ ముందు తల దించుకుని వచ్చాను, ఇక మీ చూపులు కూడా మొయ్యలేను.

కాస్త ఇటు జరగండి. బెల్టు తీస్తాను, మెడ దగ్గర ఒరుసుకుపోతోంది. ఆ, ఇప్పుడు హాయిగా ఉందా? ఉండండి, నేనూ అటు తిరిగొచ్చి నా సీట్లో కూర్చుంటాను. నిలబడే ఓపిక లేదు. ఈ షెడ్డు మొత్తానికి ఒకటే కుర్చీ, దాని మీద పిల్లి పడుకుంది. మెకానిక్ దాన్ని లేపడు, మనం లేపితే బాగుండదు. చచ్చిన బండైనా కూర్చోడానికి పనికొస్తోంది, అదే పదివేలు.

చచ్చిందనేశాను కదూ. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదని మీకు తెలుసు. ఇంజను పోయిందండీ. బాగుచేస్తే బాగుపడేది కాదట. కింద ఏదో ఇనుప కడ్డీ పెట్టి తిప్పి చూశాడు, ఇసుమంతైనా కదల్లేదు. లోపల అన్నీ పట్టుకుపోయాయట. ఈ వయసు బండికి ఇంకో ఇంజను వెయ్యమని నేనైతే చెప్పనమ్మా అని చేతులు తుడుచుకున్నాడు. అంతే. మీకు ఒంట్లో బాగోనప్పుడు డాక్టరు కూడా అలాగే చేతులు తుడుచుకున్నాడు.

పొద్దున సంగతి మీకూ తెలుసు, పక్కనే ఉన్నారు. అయినా నా నోటితో ఒకసారి చెప్పనివ్వండి. మెకానిక్‌కి చెప్పాను, మనల్ని లాక్కొచ్చిన బండివాడికి చెప్పాను, మీ అక్కయ్యకి ఫోన్లో చెప్పాను. మీకొక్కరికే చెప్పలేదు. మీ పక్కనుంచి అదెలా కనిపించిందో నాకు తెలీదు కదా. మీరు చెప్పలేరు, నేనే రెండువైపులా చెప్పుకోవాలి.

ఆస్పత్రికెళ్ళే ఎత్తు ఎక్కుతున్నాం. అక్కడ మీ చేతికీ కాలికీ చేయించే వ్యాయామానికి టైమైపోతోందని నేను కాస్త గట్టిగానే తొక్కాను. తొక్కుతున్నా లాగట్లేదు. కొన్నాళ్ళుగా ఈల వేస్తోంది చూడండి, ఆ ఈల కూడా లేదు. మీరు బాగున్న రోజుల్లో గడ్డం గీసుకుంటూ వేసేవారే, అలాంటి ఈల. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకది వినడం బాగానే ఉండేది. ఇంట్లో మీ ఈల పోయింది, బండిలో వచ్చింది అనుకునేదాన్ని. అది లోపల అరిగిపోయి మొరపెట్టుకుంటున్న చప్పుడట. నాకేం తెలుసు?

అంతలో అద్దంలో చూస్తే వెనక రోడ్డు లేదు. అంతా పొగ. కాలు తీసేశాను. నేను కాలు తీస్తే ఇంజను తగ్గాలి కదా, పెరిగింది. ఇంకా పెరిగింది. బ్రేకు తొక్కి, గేరు తీసి, పక్కకి ఆపి, తాళం తిప్పేశాను. ఆగలేదు. తాళం బయటికి లాగేశాను. తాళం నా చేతిలో ఉందండీ, బండి మాత్రం గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

జనం చుట్టూ చేరి దిగండి దిగండి అంటున్నారు. ఎవరో పాలవ్యాను ఆయన నా చెయ్యి పట్టి బయటికి లాగేశాడు. మా ఆయన లోపలున్నాడయ్యా అంటే వినపడితేనా ఆ రొదలో. మళ్ళీ ఇటొచ్చి మీ తలుపు తీశాను. ఈ బెల్టు రాదు. రోజూ తీసే బెల్టే, ఎటు నొక్కాలో తెలీలేదు. మీరు తల ఊపారు. ఊపారా? నన్ను పొమ్మని ఊపారా, కంగారు పడొద్దని ఊపారా, లేక బండి అదురుతుంటే మీ తల అదే ఊగిందా? ఇందాకట్నుంచి అదే ఆలోచిస్తున్నాను. పొమ్మనే అయితే మటుకు మీకు బుద్ధిలేదు.

తర్వాత లోపల ఏదో ఫెళ్ళుమంది, ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమో. ఆ నిశ్శబ్దంలో నేను మీ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. మీరు చూశారు. చూడనట్టు ఉండండి.

తాళం తీసేస్తే ఎలా నడిచిందయ్యా అని మెకానిక్‌ని అడిగాను. టర్బో అని ఒకటుందట, ఇంజనుకి గాలి ఊదే చక్రం. నత్తగుల్లలాంటి డబ్బా, అందులో చిన్న చక్రం. గొట్టం పీకి నా వేలు పెట్టించి చూపించాడు, ఊడబోయే పన్నులా ఊగుతోంది. అది అరిగిపోయి, ఇంజనాయిలు గాలి గొట్టంలోకి కారిపోయిందట. ఇంజను దాన్నే తాగి నడిచింది. డీజిలు ఆపితే ఏం లాభం, దాని ఒంట్లో నూనె అదే తాగుతోంది కదా. ఉన్నదంతా తాగేసి, ఇక తాగడానికేం లేక బిగుసుకుపోయింది.

అప్పుడడిగాడు. దూరం నుంచో, ఎత్తెక్కో వచ్చినప్పుడు ఆపే ముందు కాసేపు ఊరికే నడవనిచ్చేవారా అమ్మా అని. ఆ చక్రం నిప్పులా కాలి ఉంటుందట, గిర్రున తిరుగుతూ ఉంటుందట. వెంటనే తాళం తిప్పేస్తే నూనె రావడం ఆగిపోతుంది, ఉన్న నూనె అక్కడే మాడి బొగ్గవుతుంది. రోజూ అలా చేస్తే ఎన్నాళ్ళు ఉంటుందమ్మా అన్నాడు. మీకెవరూ చెప్పలేదా అన్నాడు.

లేదయ్యా, ఎవరూ చెప్పలేదన్నాను.

ఈ అద్దం దించే ఉంది. మీరు విన్నారు. నేను వచ్చేసరికి అందుకే అలా చూశారు.

మంచివాడు, మళ్ళీ తనే అన్నాడు, బండికి వయసైపోయింది, ఆయిలు మార్చి చాలా రోజులైంది, ఇదొక్కటే కారణం అనలేమమ్మా అని. ఆ మాట పట్టుకుని నేను ఇంటికెళ్ళిపోవచ్చు. మీరు లేకపోతే వెళ్ళిపోయేదాన్నే.

మీరు చెప్పారు. చెప్పలేదంటే కళ్ళు పోతాయి. కళ్ళజోడు ఫ్రేముల పెట్టె వెనక పడేసుకుని ఊరూరా షాపులు తిరిగొచ్చేవారు. వారంలో సగం రోజులు ఇల్లే తెలీదు. ఎదురుచూసి ఎదురుచూసి ఉంటే, తీరా గేటు దగ్గర బండి ఆగుతుంది. ఇంజను మాత్రం ఆగదు. మీరు దిగరు. నేను లోపల గిన్నెలు సర్దుతూ వింటూ ఉంటాను. ఇప్పుడు దిగుతారు, ఇప్పుడు దిగుతారు. ఊహూ. పక్క వాటాలో ఆవిడ నవ్వేది, మీ ఆయనకి బండి దిగాలంటే బెంగలా ఉందండీ అని. నేనూ నవ్వేదాన్ని. లోపల కాలిపోయేది.

ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడుతున్నారేమో అని కర్టెను పక్కకి తప్పించి చూశాను కూడా. మీకు తెలీదు ఈ సంగతి. ఫోనూ లేదు, ఏమీ లేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా గోడ చూస్తూ కూర్చున్నారు. ఫోనున్నా బాగుండేది అనిపించింది. ఊరికే కూర్చున్నారంటే, లోపలికి రావడం ఇష్టంలేక కూర్చున్నట్టేగా? లోపలేముంది, నేనేగా ఉన్నది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. దీన్ని వెంటనే ఆపకూడదు, కాస్త చల్లారనివ్వాలి అన్నారు. ఎంత అతికినట్టు చెప్తారో అబద్ధం అనుకున్నాను. ఇక్కడ అన్నం చల్లారిపోతోంది, దాని సంగతేంటని కడిగేశాను. మీరు నవ్వేసి ఊరుకున్నారు. మీరెప్పుడూ అంతే, నాలుగు మాటలు గట్టిగా చెప్పాల్సిన చోట నవ్వేసి ఊరుకుంటారు. ఇంకోసారి చెప్పుంటే? కూర్చోబెట్టి చెప్పుంటే? ఏమో, అప్పుడూ నమ్మేదాన్ని కాదేమో.

మీకు ఒళ్ళు పడిపోయాక బండి నా చేతికొచ్చింది. అప్పుడేం చేశానో తెలుసా? వచ్చామా, తాళం తిప్పామా, దిగామా. ఒక్క క్షణం ఆగలేదు. ఆస్పత్రి ఎత్తెక్కి పైకి చేరగానే టక్కున. ఇంటికి రాగానే టక్కున. తెలియక చేశానంటే సగం నిజం. మిగతా సగం మీకు చూపిద్దామని. ఇల్లంటే ఇష్టమున్న మనిషి ఇలా దిగుతుంది, చూసుకోండి అని. మాట్లాడలేని మనిషి మీద కక్ష తీర్చుకున్నాను. ఎంత సుఖంగా ఉండేదో ఆ టక్కుమనే చప్పుడు.

ఇంకా ఉంది. ఇది మెకానిక్‌తో చెప్పేది కాదు. మీ అక్కయ్యతో అస్సలు చెప్పేది కాదు.

నేను తాళం మీద చెయ్యి వేసినప్పుడల్లా మీ వేళ్ళు నా మోచేతికి తగిలేవి. మంచి చెయ్యి కాదు, నావైపున్న ఈ చెయ్యి. పడిపోయిందే, ఇది. ఒళ్ళోంచి పాక్కుంటూ వచ్చి తగిలేది. పట్టుకునే బలం లేదు, ఊరికే తగిలి ఉండేది. మీ కళ్ళు కూడా నా చేతి మీదే ఉండేవి. నేనేమనుకున్నానంటే, ఇంకా అదే బుద్ధి, నోరు పోయినా కాలు పోయినా ఈ మనిషికి ఇంట్లోకి రావడం మాత్రం ఇష్టం లేదు. తీసి మీ ఒళ్ళో పెట్టేసేదాన్ని. మళ్ళీ వచ్చేది. మళ్ళీ పెట్టేసేదాన్ని.

ఆఖరికొకరోజు ఆస్పత్రి గుమ్మం దగ్గర అందరి ముందూ ఒక్కటేశాను దాని మీద. పసిపిల్లాణ్ణి కొట్టినట్టు. ఇక్కడ కూడా నాటకాలేనా, దిగండి అన్నాను. ఆ రోజు నుంచి మళ్ళీ రాలేదు ఆ చెయ్యి. పీడా పోయిందనుకున్నాను.

వ్యాయామం చేయించే అమ్మాయి లేదూ, వెళ్ళినప్పుడల్లా నన్ను పక్కకి పిలిచి అడిగేది. ఆ చేత్తో ఆయనంతట ఆయన ఏమైనా చేస్తున్నారా ఆంటీ, మేం ఎత్తమంటే ఎత్తడం కాదు, తనకి కావాలనిపించి ఏదైనా అందుకోబోవడం, కాస్త కదిలినా సరే నాకు చెప్పండి, అక్కణ్ణుంచి పట్టుకుని లాక్కురావచ్చు అని. రావాల్సింది ఈ కొన్ని నెలల్లోనే వస్తుంది, ఆ తర్వాత కష్టమని కూడా చెప్పింది. నేను లేదమ్మా, ఏమీ లేదు అనేదాన్ని. అబద్ధం చెప్పాలని కాదండీ. మీరు చేసేది మొండితనం అనుకున్నాను గానీ, అది కదలడమని నాకు తట్టనే లేదు. ఇందాక మెకానిక్ ఆపే ముందు నడవనిచ్చేవారా అని అడిగేసరికి తట్టింది, మీ చెయ్యి నన్ను ఆపడానికే వచ్చేదని. అక్కడే నిలబడిపోయాను. నీళ్ళు కావాలా అమ్మా అన్నాడు.

మీరు రోజూ చెప్పారు. నోటితో కాకపోయినా చెప్పారు.

ఇక ఆస్పత్రి ఎలాగన్నది నన్ను అడక్కండి. బస్సు మెట్లు మీరెక్కలేరు, ఎక్కే దాకా వాడు ఆగడు. అద్దెబండి ఒకరోజు పెట్టుకుంటాం, రెండ్రోజులు పెట్టుకుంటాం, ఆ తర్వాత? మీ అక్కయ్య ఏమందో తెలుసా, పోనీలే, ఇంట్లోనే నువ్వే చేయించు అంది. నేను చేయించాలట. నేనేం చేయించానో చూశారుగా.

ఒకసారి ఇటు చూడండి. తాళం పెట్టాను. చచ్చిన బండే, అయినా పెట్టాను. ఇదిగో, ఆపేస్తున్నాను. తిప్పేస్తున్నాను. ఆ చేత్తోనే వద్దనండి.

అనండి. ఈసారి ఏమీ అనను. ఎంతసేపు కూర్చోమంటే అంతసేపు కూర్చుంటాను.

నిదానంగానే.

సరే. రాకపోతే పోనీలెండి, మరీ అంత కష్టపడకండి, చెమటలు పడుతున్నాయి. నాదే పిచ్చి.

మెకానిక్ వస్తున్నాడు, బండి వెనక్కి నెట్టుకోవాలట. దిగుదాం. ముందు ఈ కాలు బయట పెట్టండి. నేను ఇటొచ్చి నిలబడతాను. నా భుజం పట్టుకోండి, గట్టిగా. ఆ చెయ్యి గురించి మీరు ఆలోచించకండి, దాన్ని నేను పట్టుకుంటాను.