ఎనిమిది కాళ్ల చిక్కం

ఎమ్మిగనూరు, 1981. ఆడవాళ్లకు క్రోషా అల్లిక నేర్పే జైనాబ్ బీ ఇంటి వసారా. ఆమె ముందు, నందవరం దిక్కు పల్లె నుంచి వచ్చిన సేద్యగాడు లక్ష్మప్ప, సూది పట్టుకుని కూర్చున్నాడు.

“అది ఎద్దును కట్టేసే ముడి లక్ష్మప్పా. విప్పు.”

“ముడి అంటే బిగువుగ ఉండాల గదా జైనాబమ్మా. ల్యాకుంటే పొద్దునకు యాడికో పోతాది.”

“ఊలు దారం యాడికీ పోదు. ఇది జారే ముడి. జారితేనే సూది దూరేది. మళ్లా వెయ్. వేలికి చుట్టు, కొక్కెంతో లాగు... అంత గుంజొద్దు. బాయిలో నీళ్లు చేదుతాండావా?”

“సూది సిన్నది, నా సెయ్యి పెద్దది. ఇంతకంటే పెద్దది ల్యాదా? గడ్డపార అంత వద్దులే, రోంత పెద్దది.”

“ఇదే పెద్దది. కొత్తగ నేర్చుకునే పిల్లలకని ఇచ్చేది. ఆ కాలెందుకు చాపినావు?”

“కాలి బొటనేలికి ఒక కొన తగిలిస్తే పట్టు దొరుకుతాది. మేము పగ్గాలు పేనేది ఇట్లనే.”

“ఇది పగ్గం కాదు, బొమ్మ. కాలు ముడుచుకో. హా, ఇప్పుడు గొలుసు. దారం మీంద వేసుకో, కన్నులోంచి లాగు. వేసుకో, లాగు.”

“ఏసుకో, లాగు. ఏసుకో, లా... ఎవురో వస్తాండారు. జైనాబమ్మా, ఎవురో వస్తాండారు, ఇది దాసు.”

“ఎవురూ ల్యారు. మేక.”

“మా ఊరిదేమో.”

“మీ ఊరి మేక అయితే ఏమప్పా? పోయి చెప్తాదా, లక్ష్మప్ప ఎమ్మిగనూరులో కూర్చుని క్రోషా అల్లుతాండాడని?”

“మేక ఎనకాల మనిసి ఉంటాడు గదా. మా ఊరి సుంకన్న సంతకొస్తే ఈ సందులోనే పోతాడు. వాని నోట పడితే నందవరం దంకా టముకే. తువ్వాల కప్పుకొని అల్లితే కుదర్దా?”

“కుదర్దు. తువ్వాల కూడా కలిపి అల్లేస్తావు. ఇంతకీ ఇది ఎవురికన్నావు?”

“మా అక్క బిడ్డకు.”

“మొన్న తమ్ముని బిడ్డకంటివి.”

“ఇద్దురికీ. ఒకరి తర్వాత ఒకరు ఆడుకుంటారు.”

“లక్ష్మప్పా, నువ్వు నా కాడ అల్లిక నేర్చుకున్న హులిగమ్మ మొగుడివని నాకు మొదటి దినమే తెల్సు.”

“నేను సెప్పల్యా గదా.”

“చెప్పకపోతే? నా కాడికి అల్లిక నేర్చుకునేదానికి వచ్చిన మొగోడివి నువ్వొక్కడివే. నేను నలుగురిని అడక్కుండా ఉంటానా? ఆమె అలిగి మాధవరం పోయిందంట కదా, పుట్టింటికి.”

“అలగల్యా. పోయింది, అంతే.”

“రెండూ ఒకటే.”

“అలిగితే అరుస్తారు, తిడతారు. ఆమె ఒక్క మాట అనల్యా. మూట కట్టుకొని బస్సెక్కింది. రెండు మార్లు పోయి వస్తి, గడప దాటి బయటికి రాల్యా. ఆమె ల్యాని ఇల్లు ఇల్లు కాదమ్మా. రొట్టె కొట్టుకోల్యాక కాదు, నేనే కొట్టుకుంటా. పలికేదానికి ఎవురూ ల్యారు. దూడతో పలుకుతాండాను. ఆమె అల్లిన బొమ్మ ఒకటి నా సేతిలో పాడాయె. అట్లాంటిదే అల్లి, సాయంత్రం బస్సుకు తీసకపోయి ఇస్తే వస్తాదేమో అని.”

“పాడాయె అంటే? ఎట్ల పాడాయె?”

“పాడాయె. ఊలు గదా. పాడైతాది. గొలుసు అయిపాయె, సూడు. ఇప్పుడేం సెయ్యాల?”

“రెండు కొనలూ కలుపు. ఉంగరం మాదిరి అయ్యిందా? ఇంగ దాని చుట్టూ పోతానే ఉండాల. ఒక్కొక్క కన్నులో రెండేసి వెయ్, వెడల్పు అవుతాది. అది తల.”

“తల ముందరనా? మేము ఏదైనా కాళ్ల కాడి నుంచే ఎత్తుకుంటాము. మంచమైనా, పందిరైనా.”

“మంచానికి తల ల్యాదు. దీనికి తలే ఎక్కువ.”

“ఏం జంతువు అంటివి ఇది?”

“ఆక్టోపస్. సముద్రంలో ఉంటాది. ఎనిమిది కాళ్లు.”

“నీళ్లలో ఉండేదానికి అన్ని కాళ్లెందుకు? నడిసి యాడికి పోతాది?”

“అల్లాను అడుగు. నన్నడిగితే?”

“తుంగభద్రలో ఇట్లాంటిది నేనెప్పుడూ సూడల్యా. నువ్వు సూసినావా?”

“అల్లికల పుస్తకంలో బొమ్మ చూసినా. మా ఇంటాయన యూసుఫ్ సాబ్ బొంబాయి పోయినప్పుడు కండ్లారా చూసి వచ్చినాడు.”

“దీన్నా?”

“సముద్రాన్ని.”

“అయితే దీన్ని సూసినోళ్లు ఎవురూ ల్యారు.”

“ఆదోని నుంచి ఈడి దాకా ఒక్కరూ ల్యారు. అందుకే కొత్తవాళ్లకు దీన్నే ఇస్తా. చిలకను అల్లితే ముక్కు వంకర పోయిందంటారు. కుందేలును అల్లితే గాడిద మాదిరి ఉందంటారు. దీన్ని తప్పు అల్లినా ఎవురూ పట్టుకోల్యారు.”

“అది మంచి ఉపాయమే. ఇదో, వెడల్పయింది. దోసె మాదిరి.”

“చాలు. ఇంగ కన్నుకొకటే వెయ్. అంచు కిందికి దిగి టోపీ అవుతాది. హా, అట్లనే. చేతికి పని వచ్చింది నీకు.”

“ఇది అలవాటే గదా. సిక్కం అల్లేది ఇట్లనే.”

“చిక్కమా?”

“పైరు మేయకుండ దూడల మూతికి కడతాము గదా, అది. ఊరికే అన్నా. జైనాబమ్మా, ఈసారి మేక కాదు. సుంకన్న. వానే. వాని దగ్గు అది. నేను ఈ కోళ్ల గంప కిందికి పోతా.”

“గంపలో నీ తలకాయ కూడా పట్టదు. లక్ష్మప్పా, వద్దు... సరే పో.”

“బాగుండావా జైనాబమ్మా? నేను, నందవరం దిక్కు సుంకన్నను. సంతకు పోతా పోతా పలకరిద్దామని వస్తి. ఎవురది గంప కింద?”

“పొదిగే కోడి సుంకన్నా. కదిలించొద్దు.”

“కోడికి పంచె ఉండాదే.”

“చలికి కప్పినా.”

“మంచిపని సేసినావు. పోతా మరి. ఆ కోడిని బిరీన ఇంటికి పొమ్మను, దాని దూడ పొద్దున్నుంచి అరుస్తాంది.”

“చెప్తాలే. పోయి రా... లెయ్ లక్ష్మప్పా. పోయినాడు.”

“నన్ను గుర్తు పట్టల్యా గదా?”

“పట్టల్యా. తలలో ఈకలు తీసుకో. దూది తెచ్చినావా?”

“తెచ్చినా. మా సేనుదే.”

“మూటెడు ఎందుకప్పా? పిడికెడు చాలు. ఆదోని మార్కెట్లో అమ్ముకునేది తెచ్చి నా వసారాలో దించితే ఎట్ల? అరె, గింజలు కూడా తియ్యల్యా.”

“గింజలతో కుక్కకూడదా?”

“కుక్కు. వానొస్తే తల మీంద పత్తి చెట్టు మొలుస్తాది. ఏరు ముందు. ఏరి, లోపల కుక్కి, కింద మూసి కుట్టు. తర్వాత కాళ్లు.”

“కాళ్లకు కూడా గొలుసేనా?”

“పొడుగు గొలుసు. వెనక్కి వచ్చేటప్పుడు కన్నుకు రెండేసి వెయ్. దానంతటదే చుట్టుకుంటాది.”

“యాడ సుట్టుకుంటాది, దారం గదా... అవునమ్మా. సుట్టుకుంటాంది. పొట్టేలు కొమ్ము మాదిరి తిరుగుతాంది. నేనేం సెయ్యల్యా, అదే తిరుగుతాంది. సూడు, సూడు.”

“చూసినా, చూసినా. ఏడుస్తాండావా నువ్వు?”

“పత్తి నుసి. కండ్లలో పడింది.”

“పడనీ. కాళ్లు అల్లు... అల్లు, అల్లు... ఆగు. ఆగు లక్ష్మప్పా, ఇది తొమ్మిదోది.”

“సెయ్యి ఆగల్యా.”

“దేవుడు ఎనిమిది పెట్టినాడు. నువ్వెందుకు ఎక్కువ పెడతావు?”

“ఎవురూ సూడల్యా అంటివి గదా. ఒకటి ఎక్కువుంటే కొరత ల్యాదు.”

“విప్పు. విప్పి, ఈ గుండీలు కుట్టు. అవే కండ్లు.”

“కండ్లు వద్దు.”

“కండ్లు ల్యాకుంటే ఇది జంతువు యాడయితాది? వేర్లు వచ్చిన వంకాయ అయితాది.”

“వంకాయే ఉండనీ. కండ్లు మటుకు వద్దు.”

“ఎందుకప్పా?”

“ముందరి దానికి ఉండె. నన్నే సూస్తా ఉండె.”

“అది ఎట్ల పాడాయె, ఇప్పుడన్నా చెప్పు.”

“దూడ తినింది.”

“దూడకు ఎట్ల దొరికింది?”

“మూతికి కట్టినా గదా, దొరక్కుండ ఉంటాదా?”

“మూతికి కట్టినావా?”

“సిక్కం అనుకుంటి. ఆమె గూట్లో పెట్టుండె. సూస్తే గుండ్రంగ ఉండె, కింద తాళ్లు ఏలాడతాండె. మా దూడకని ముద్దుగ అల్లింది అనుకుంటి. కట్టినా. అది నమిలి మింగింది. మూడు కాళ్లు మూతి బయట ఏలాడతాండంగ ఆమె సేన్లోంచి వచ్చింది. సూసింది. పోయింది.”

“చిక్కం అనుకుంటివి.”

“అనుకుంటి.”

“దాంట్లో దూది ఉండె కదా. నేనే కూర్చుని కుక్కించినా.”

“ఉండె.”

“దూది కుక్కిన దాన్ని మూతికి ఎట్ల కట్టినావు?”

“దూది పీకి కట్టినా. సిక్కమంటే లోపల కాళీ ఉండాల గదా. మూతి దూరాల గదా.”

“కింద మూసి కుట్టింటిమి.”

“కొడవలితో కోస్తి.”

“కండ్లు ఉండె. చిక్కానికి కండ్లెందుకప్పా?”

“దూడకు దావ కనపడేదానికి అనుకుంటి.”

“గుండీలతోనా?”

“పల్లెటూరోళ్లము. మాకేం తెల్సు జైనాబమ్మా.”

“పల్లెటూరి దూడలు గుండీలతో చూస్తాయా?”

“ఆ సూది ఇట్లియ్యి. తొమ్మిదో కాలు ఇప్పాల.”

“సూది తర్వాత. హులిగమ్మ నిన్న ఈడికి వచ్చింది.”

“ఈడికా?”

“పొద్దున బస్సుకు వచ్చి, మధ్యాహ్నం మాధవరం దిక్కు పోయే మంత్రాలయం బస్సుకు పోయింది. నువ్వు నేర్చుకునేదానికి వస్తాండావని చెప్పినా.”

“నవ్విందా?”

“నవ్వల్యా. నువ్వు చెడగొట్టిన గొలుసులు తెమ్మంది. చేతిలో పెట్టుకొని శానాసేపు చూసింది. నిన్ను ఒక మాట అడగమంది.”

“అడుగు.”

“అది నిజంగ చిక్కం అనుకున్నావా, ల్యాకుంటే బొమ్మ అని తెల్సే కట్టినావా?”

“ఏం సెప్తే వస్తాది?”

“అది నేను చెప్పకూడదు.”

“తెల్దని సెప్పు. నేను ఎడ్డోన్ని, తెలివి ల్యానోన్ని అని సెప్పు. ఊరంతా అదే అంటాది, ఆమె కూడా ఒప్పుకుంటాది. ఎడ్డోన్ని మన్నిస్తారు. తెల్సి సేసినోన్ని ఎవురు మన్నిస్తారు?”

“అయితే తెల్సా నీకు?”

“తెల్దని సెప్పు అంటాండాను గదా.”

“నేను ఏది విన్నానో అదే చెప్తా. అల్లా మీంద ఒట్టు, ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తియ్యను. నీ నోటితో చెప్పు.”

“ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటిమి. మంత్రాలయంలో ప్రదక్షిణలు సేసింది ఆమె. పెండ్లయి ఎన్నో ఏండ్లాయె జైనాబమ్మా, మా ఇంట్లో ఒక గిలక్కాయ ల్యాదు. ఆ దినం సేన్లోంచి వస్తే గూట్లో అది కూర్చోనుండె. పిల్లోళ్లు ఆడుకునేది. నన్నే సూస్తాంది, ఆడుకునేవాళ్లు ఏరి అని అడిగినట్ల. తట్టుకోల్యాకపోతి. పారేద్దామంటే, ఎందుకు పారేస్తివని ఆమె అడుగుతాది. ఏం సెప్పాల? ఆ మాట మేము ఇంట్లో ఎప్పుడూ అనుకోము. అందుకని దూది పీకి దూడకు కట్టినా. తెల్సే కట్టినా. పోయి అట్లనే సెప్పుకో. ఆమె ఇంగ రాదులే.”

“నువ్వే బస్సెక్కి పోయి చెప్పుకో అప్పా, మూట కట్టుకొని కూర్చోనుంటాది. ‘తెల్దని చెప్తే పోను, ఇన్నేండ్లూ ఆ ఇంట్లో ఏడ్చింది నేనొక్కదాన్నే అని అర్థం’ అనింది హులిగమ్మ. ‘తెల్సే కట్టినా అంటే మటుకు ఆ బస్సుకే పోతా, ఆయప్ప కూడా ఏడ్చినాడని.’”