రాజుగారి అంగీకి జిప్పు

మా సందులో దర్జీకి కోతలరాయుడని పేరు. కొట్టు మధ్యలో ఒక తెర, తెర వెనక మంచం, మంచం మీద ఆయన భార్య. ఆమెకి చూపు పోయింది, ఇక ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆమెకి వినపడాలనే ఆయన అంత గట్టిగా మాట్లాడతాడని, టీ వేళకి అక్కడ చేరే మా అందరికీ తెలుసు. ఆ పొద్దున్నే బస్సు దిగిన ఆమె తమ్ముడికి మాత్రం తెలీదు.

"ఆ రాజుల సీరియలుందే, అందులో రాజుగారి అంగీ వీపున జిప్పు కనిపించింది నాకు. ఆ కాలంలో జిప్పులెక్కడివయ్యా? టీవీవాళ్లకి ఫోన్ చేసి కడిగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దర్శకుడే కారేసుకొచ్చి, ఇదిగో నువ్వు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని, మాస్టారూ మా పరువు మీ చేతిలో ఉంది అన్నాడు. సరే ఏడవకు అని, పొద్దుగూకేలోగా సైన్యం మొత్తానికి అంగీలు కుట్టిచ్చాను."

"మరి గుర్రాలకో?" అన్నాడు కాంపౌండరు.

"మిగిలిన గుడ్డతో వాటికీ కుట్టాను. ఏనుగే, కొలతలు తీస్తుంటే కుదురుగా నిలబడలేదు. బట్టలు సరే గాని, నన్నడిగితే ఆ కథే ఏడుపుగొట్టు కథ. రాణిని అన్నేసి రోజులు గుమ్మంలో నిలబెట్టి ఏడిపించడం పాపం కాదూ?"

"మొన్న మౌనస్వామి డాక్యుమెంటరీ వేశారు, చూశారా?" అన్నాడు కాంపౌండరే.

"అదీ ఒక చూడ్డమేనా? గంటసేపు కొండ, మబ్బు, ఆయన గడ్డం. ఒక్క మాట లేదు. కళ్లున్నవాడికే విసుగు, ఇక చెవులతో చూసేవాళ్ల గతేంటి? తిన్నగా కొండెక్కి అడిగేశాను. ఊహ తెలిశాక నోరు విప్పని స్వామి నన్ను చూసి విప్పాడు. నాయనా, ఈ అంగీ చంకల్లో పట్టేస్తోంది అన్నాడు. కుట్లు విప్పి వదులు చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చెవి దగ్గరికొచ్చి, అవతల చీకటుండదు, నొప్పుండదు, భయపడొద్దని చెప్పు అన్నాడు."

ఎవరికి చెప్పమన్నాడని మేమెవరం అడగలేదు. తెర వెనక దగ్గు వినిపించింది. ఆయన ఇంకాస్త గొంతు పెంచాడు.

"కొండ దిగేసరికి మళ్లీ ఆ దర్శకుడే. ముగింపు మీరే చెప్పాలని కాళ్లట్టుకున్నాడు. రాజు యుద్ధం నుంచి తిరిగి రావాల్సిందే అన్నాను. అచ్చం అలాగే తీశాడు. నిన్ననే వేశారు. రాజు గుర్రం దిగి, గుమ్మం దగ్గరికొచ్చి..."

"అదేంటి బావా," అన్నాడు బావమరిది, "ఆ సీరియల్ మధ్యలోనే ఎత్తేశారుగా. రాజు యుద్ధం నుంచి తిరిగి రాకుండానే ఆపేశారు. ఇంక ముగింపెక్కడిది?"

మిషను ఆగిపోయింది. దర్జీ సూదిలోకి దారం ఎక్కించబోయాడు, ఎక్కలేదు. ఆ బావమరిది నోరు నొక్కేయాలనిపించింది మాకు.

"ఆపేసినప్పుడే పక్కింటావిడ చెప్పిందిరా నాకు," అంది ఆమె తెర వెనక నుంచి. "నువ్వూరుకో. ఏమండీ, రాజుగారు గుమ్మం దగ్గరికొచ్చారు. ఆ తర్వాత ఏమైంది?"

లోకంలో తనకి తెలియనిది లేదనే మనిషి, తెర వైపు తిరిగాడు.

"తెలీదే," అన్నాడు.